ప్రయత్నం చాలలేదు

ఆస్పత్రిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ ఊదుడక్క అంటారు. కింది అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక, రోగుల చేత గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే గది ఆవిడది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఆ గదిలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ముక్కుకి క్లిప్పు పెడుతుంది, గొట్టం నోట్లో పెడుతుంది, ఇక మొదలు: "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఆపొద్దు, ఆపొద్దు." ఆ కేకలకి బయట వరసలో కూర్చున్నవాళ్ళు కూడా తమకి తెలియకుండానే బుగ్గలు పూరించేస్తారు.

ఎంత మొండివాళ్ళ చేతనైనా ఊదిస్తానని ఆవిడకి కాస్త గర్వం. ఆ మాత్రం లేకపోతే రోజుకి నలభైమంది చేత ఊదించడం ఎవరి తరం? రిపోర్టు అడుగున చిన్న గడి ఒకటుంటుంది. అందులో 'ప్రయత్నం బాగుంది' అనో, 'ప్రయత్నం చాలలేదు' అనో రాస్తుంది. చాలలేదని రాస్తే డాక్టర్లు ఊదినప్పుడు మిషన్ గీసిన గీతని పట్టించుకోరు, ఆయాసాన్ని బట్టి ఏదో మందు రాసేస్తారు. ఆ గడి వరకూ ఆవిడ మాట వేదవాక్కు.

ఆ మంగళవారం పొద్దున ఒక బస్సు కండక్టరమ్మ వచ్చింది. నలభై దాటని మనిషి, పది మెట్లెక్కి వచ్చినట్టు రొప్పుతోంది. ఏడాదిగా ఉబ్బసం మందులు పీలుస్తోందట, గుణం లేదట. బస్సులో విజిల్ వెయ్యలేక అద్దం మీద నాణెంతో కొడుతోందట.

"పోయినసారి నేను సరిగ్గా ఊదలేదు కదండీ," అంది కూర్చుంటూనే. "ఈసారి ఇంట్లో కొవ్వొత్తి ముందు పెట్టుకుని ప్రాక్టీసు చేసొచ్చాను. మిమ్మల్ని విసిగించను."

ఊదింది. మామూలుగా తెర మీద గీత నిటారుగా ఎగిరి, మొనదేలి, ఆపైన జారుతూ దిగాలి. ఈవిడ గీత కొద్దిగా లేచి, కత్తితో కోసినట్టు నెత్తి చదునైపోయింది. ఊదుడక్క గొంతు చించుకుంది. రెండోసారీ అదే. మూడోసారీ అదే. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పడే కింది గీత కూడా అంతే చదును.

ఆవిడ కేక నోట్లోనే ఆగిపోయింది. బద్ధకంగా ఊదేవాళ్ళు మూడుసార్లు మూడు రకాలుగా ఊదుతారు. ఇంత కచ్చితంగా తప్పు ఊదడం మనిషి వల్ల కాదు. లోపల ఎక్కడో ఏదో అడ్డం పడుతోంది. మిషన్లో పాత రిపోర్టు వెతికింది. పదకొండు నెలల కిందటిది. అదే చదును నెత్తి. అడుగున తన మాట: ప్రయత్నం చాలలేదు.

గదిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. పాత కాగితం ఎవరు చూడొచ్చారు? కొత్తదొక్కటే పంపితే భలే పట్టావని డాక్టరు మెచ్చుకుంటాడు కూడా. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. రెండు కాగితాలూ పట్టుకుని, వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నా వినకుండా పెద్ద డాక్టరు గదిలోకి దూరింది.

"ఇది నేను పోయినేడే చూసుకోవాల్సింది సార్. నా తప్పు."

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. కండక్టరమ్మని పిలిపించి, స్టెతస్కోపు మెడ మీద ఆనించి, "గట్టిగా పీల్చమ్మా" అన్నాడు. ఉబ్బసంలో పిల్లికూతలు ఊపిరి వదిలేటప్పుడు వినపడతాయి. ఈవిడకి పీల్చేటప్పుడే గొంతులో ఈల మోగింది. మర్నాడు కెమెరా గొట్టం దింపి చూస్తే, స్వరపేటిక కింద శ్వాసనాళం మచ్చకట్టి, పెన్సిలు పట్టేంత కంత మాత్రం మిగిలింది. లక్షల్లో ఏ ఒక్కరికో వచ్చే జబ్బు, దాదాపుగా ఆడవాళ్ళకే. ఎందుకొస్తుందో తెలియదు. మచ్చని కోసి, లోపల బుడగ ఉబ్బించి దారి వెడల్పు చెయ్యాలన్నాడు డాక్టరు. కొన్నాళ్ళకి మళ్ళీ బిగుసుకోవచ్చనీ, అప్పుడు మళ్ళీ చేస్తామనీ చెప్పాడు.

ఆ పని జరిగిన రోజు ఊదుడక్క కాలుగాలిన పిల్లిలా థియేటరు తలుపు దాకా మూడుసార్లు వెళ్ళొచ్చింది. మధ్యలో ఓ ముసలాయన ముక్కుకి రెండు క్లిప్పులు పెట్టేసింది.

అంతా బాగానే జరిగింది. వారానికి కండక్టరమ్మ మళ్ళీ ఊదడానికొచ్చింది. గీత నిటారుగా ఎగిరింది. అయినా ఊదుడక్కకి మనసు నిలవలేదు. పాత రిపోర్టు సంగతి డాక్టరు ఈవిడకి చెప్పలేదు. తనూ చెప్పకపోతే ఈవిడకి ఎప్పటికీ తెలియదు. చెప్పేసింది.

"మీరు పోయినసారి కూడా సరిగ్గానే ఊదారు. తప్పు రాసింది నేను. దానివల్ల మీకు ఏడాది పోయింది."

కండక్టరమ్మ ముక్కు మీది క్లిప్పు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ కాగితం మా ఆయన చదివాడండీ," అంది. "మెట్ల మీద ఆగినా, నీళ్ళ బకెట్టు దింపినా, 'ఆస్పత్రి వాళ్ళే రాశారుగా, నీకు ప్రయత్నం చాలదని' అనేవాడు. మొదట్లో ఏడుపొచ్చేది. తరవాత నేనూ నిజమే అనుకున్నాను. నేనే ఒళ్ళు దాచుకుంటున్నానేమో అనుకున్నాను."

ఊదుడక్క క్షమించమంది. ఆ మాట ఏ మూలకీ చాలదని ఆవిడకే తెలుస్తోంది.

"ఆయన బయటే ఉన్నాడు," అంది కండక్టరమ్మ. "నేను చెబితే నమ్మడు. మీరు చెప్పండి."

నడవాలో ఫైలు పట్టుకుని కూర్చున్న మనిషి ఊదుడక్కని చూసి లేచి నిలబడ్డాడు. వరసలో ఇరవైమంది దాకా ఉన్నారు. ఊదుడక్క అందరికీ వినపడేలానే చెప్పింది: మీ ఆవిడ ఊదడంలో లోపం లేదు, ఊపిరి రావడానికే దారి లేదు, అది తెలుసుకోకుండా రాసింది నేను.

ఆయన తలుపు దగ్గరున్న భార్య వైపు చూడబోయి, చూడలేకపోయాడు.

"అంటే, అప్పుడు నిజంగానే ఊపిరి ఆడలేదా?"

"ఆడలేదు."

"ఏడాది పొడుగునా?"

"ఏడాది పొడుగునా," అంది ఊదుడక్క.