గాస్కెట్ మీద ఆదివారం

1987లో నేను విశాఖ ఉక్కు కర్మాగారం కట్టుబడిలో, ఒక కాంట్రాక్టు కంపెనీ టూల్ రూంలో మెకానిక్‌ని. టూల్ రూం అంటే పెద్దగా ఊహించుకోకండి. దువ్వాడ స్టేషన్ వైపు ఎర్రమట్టి దిబ్బ పక్కన రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక కిటికీ. పొద్దున్నే ఫిట్టర్లు కిటికీ దగ్గర వరసకట్టి పనిముట్లు తీసుకెళతారు, సాయంత్రం తెచ్చి పడేస్తారు. చెడినవాటిని మేం బాగుచేస్తాం. మాది తణుకు దగ్గర పల్లె. ఐ.టి.ఐ. సర్టిఫికెట్ పట్టుకుని ఇక్కడికొచ్చి, దానికి ఫ్రేము కట్టించాలా వద్దా అని అయిదేళ్ళు ఆలోచించినవాణ్ణి.

మా దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా మొరాయించేది ఇంపాక్ట్ రెంచ్. గాలితో నడుస్తూ బోల్టులు బిగించే మిషను. ఫిట్టర్లు దాన్ని గన్ అనేవారు. కంప్రెసర్ నుంచి గొట్టంలో వచ్చిన గాలి లోపలి రోటర్‌ని తిప్పుతుంది, రోటర్ ఒక సుత్తిని తిప్పుతుంది, ఆ సుత్తి దెబ్బ మీద దెబ్బ వేసి బోల్టుని బిగిస్తుంది. రోటర్‌కి ఆరు గాళ్ళు, గాడికొక వేన్. వేన్ అంటే వేలెడంత ఫైబర్ పలక. గాలి తోసేది దాన్నే. దానికి ఒక అంచు తిన్నన, రెండోది గుండ్రం. తిన్నని అంచు బయటికి ఉండాలి. వేన్లు అరిగితే గన్‌కి బలం పోతుంది. వాటిని మార్చడం అరగంట పని. అయిదేళ్ళు ఆ పనిలో నేనే మొదటివాణ్ణి. రెండోవాడు లేడు కనక ఆ మాట ధైర్యంగా రాస్తున్నాను.

అప్పుడు కరీం వచ్చాడు. వన్‌టౌన్ మనిషి. వాళ్ళ నాన్న పోర్టులో లాంచీ ఇంజన్లు బాగుచేసేవాడట, ఇతనికీ అక్కడే చెయ్యి తిరిగింది. ఏడో క్లాసు చదువు, రోజుకూలీ మీద ఉద్యోగం. నాకు రెండో బల్ల ఖాళీగా ఉందని జాలిపడి పంపారనుకున్నాను.

నెల తిరక్కుండా ఒక వింత మొదలైంది. కరీం బాగుచేసిన గన్‌ల పిడికి ఫిట్టర్లు ఎర్రదారం కట్టుకోసాగారు, మర్నాడు కిటికీ దగ్గర గుర్తుపట్టి అడగడానికి. గోపాలపట్నం నుంచి వచ్చే అప్పన్న అనే ఫిట్టరు ఒకరోజు కిటికీలో తల పెట్టాడు.

"బావా, ఆ ఎర్రదారం గన్ను ఇయ్యి."

"అన్నీ ఒకటే అప్పన్నా. ఇదిగో, దీనికి నిన్ననే కొత్త వేన్లు వేశాను."

"నువ్వేసినావు గాబట్టే ఆ గన్ను అడుగుతన్నాను."

వెనకనున్న వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పూట నుంచి నాకు కడుపులో మంట. మెస్సు కూరలో కారమేమో అని నాలుగు రోజులు మజ్జిగన్నం తిన్నాను. మజ్జిగ తాగితే తగ్గే మంట కాదది.

అన్నిటికన్నా బాధ ఏమిటంటే, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నేను వేన్లు వేసిన గన్ నాలుగు రోజుల్లో నీరసపడేది. కరీం వేసినది నెల దాటినా గుద్దేది. ఇద్దరం తీసేది ఒకే స్టోరు నుంచి, ఒకే డబ్బాలోంచి. ఇతను లోపల ఏదో చేస్తున్నాడు. నాకు వీపు పెట్టి కూర్చునేది అందుకేనని తేల్చేశాను. వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగేవాడని అప్పట్లో నాకు తట్టలేదు. అసూయ పట్టినవాడికి ఎదుటివాడి వీపు కూడా కుట్రలాగే కనిపిస్తుంది.

శుక్రవారాలు మధ్యాహ్నం కరీం నమాజుకని గాజువాక వెళ్ళేవాడు. ఒక శుక్రవారం, అతను ఉదయం పూర్తిచేసి అలమారలో పెట్టిన ఏడో నంబరు గన్‌ని తీసి, తలుపు దగ్గరికి వేసి, విప్పాను. అడుగుల చప్పుడుకి చెవులు అప్పగించి పనిచేయడం నాకు అలవాటు లేదు. వెనకమూత కింద ఉండే గాస్కెట్ చిరిగిపోయింది. గాలి కారకుండా మూతకింద వేసే కాగితపు బిళ్ళ అది. లోపల ఏముంది? నా వేన్లలాంటి వేన్లే. నేను వాడే నూనే. రహస్యమన్నది ఎక్కడా లేదు. దొంగతనానికి వెళ్ళి ఖాళీ ఇంట్లో దూరినట్టయింది.

గబగబా వేన్లు గాళ్ళలో వేశాను. గాస్కెట్ కావాలి. అలాంటివి డ్రాయింగ్ షీట్‌తో కత్తిరించుకునేవాళ్ళం. ఆ షీట్ స్టోరులో ఉంది, స్టోరుకి తాళం ఉంది. నా బల్లమీది గోడకి బట్టలకొట్టువాళ్ళిచ్చిన కేలండర్ ఉంది. వెనక్కి తిప్పేసిన పాత నెల కాగితంలోంచి గుండ్రంగా ఒక బిళ్ళ కత్తిరించి, మూత బిగించి, చేతులు కడుక్కున్నాను.

శనివారం మధ్యాహ్నం సైట్ ఇంజనీరుగారు ఏడో నంబరు గన్‌తో షెడ్డులోకి వచ్చారు. వెనక అప్పన్న. ఒక స్తంభం జాయింటులో ఇరవైనాలుగు బోల్టులు ఆ గన్‌తో బిగిస్తే, టార్క్ రెంచ్ అనే బిగువు కొలిచే పనిముట్టుతో చూసినప్పుడు సగానికి పైగా కదిలాయట. జాయింటు మొత్తం రిజెక్టు.

"దీన్ని బాగుచేసిందెవరు?"

పిడికి ఎర్రదారం కనిపిస్తూనే ఉంది. "నానే సార్" అన్నాడు కరీం.

"సోమవారం నుంచి లేబర్ గాంగులోకి పో. ఈ షెడ్డులో నాకు నువ్వు కనపడకూడదు."

నిజం రాస్తున్నాను. నాకు మొదట కలిగింది సంతోషం. ఎర్రదారం లేని కిటికీ ఒక్క క్షణం కళ్ళముందు కదిలింది. తరవాత భయం వేసింది. పాపం అనే మాట వీటి వెనకాల ఎక్కడో నింపాదిగా నడిచొస్తోంది.

"అలాగే సార్. ఇప్పి సూసి ఎల్తాను" అని కరీం గన్ అందుకున్నాడు.

మూత తీశాడు. గాస్కెట్ నున్నగా మెరిసింది. దానిమీద సగం తెగిన ఎర్ర అంకె, పక్కన "ఆదివా" అని అచ్చు. కరీం దాన్ని చూశాడు. తల ఎత్తి నా బల్లమీది గోడ చూశాడు. తరవాత నన్ను చూశాడు.

"ఏటి బావా, శనివారం పని సెయ్యాల్సిన గన్నుకి ఆదివారం సెలవిచ్చీసినావా?"

"ఏమిటయ్యా అది?" అన్నారు ఇంజనీరుగారు.

కరీం వేన్లు ఒక్కొక్కటే తీసి గుడ్డమీద పేర్చాడు. అయిదు సరిగ్గా ఉన్నాయి. ఆరోది తిరగబడి, గుండ్రటి అంచు బయటికి ఉండి, మధ్యలో మాత్రమే రాసుకుని తెల్లబడింది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. నా పేరు చెప్పలేదు, తనే చేశాననీ అనలేదు. నాకోసం ఎదురుచూశాడు.

"నేనే విప్పాను సార్. నిన్న" అన్నాను.

"ఎందుకు?"

"లోపల ఏముందో చూద్దామని."

"ఏముంది?"

"ఏమీ లేదు సార్."

అప్పన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

కరీం షెడ్డులోనే ఉన్నాడు. నన్ను వారం రోజులు స్తంభం ఎక్కించారు, ఆ ఇరవైనాలుగు బోల్టులతో మొదలుపెట్టి జాయింటు బోల్టులు నా చేత్తోనే, మామూలు స్పానర్‌తో బిగించమని. ఎత్తంటే నాకు భయం. సోమవారం పొద్దున్న బోల్టుని కాక స్తంభాన్ని బిగించి పట్టుకుని కిందికి చూశాను. కిటికీ దగ్గర అయిదేళ్ళు కూర్చున్నా కనిపించనిది అప్పుడు కనిపించింది.

ఎర్రదారం గన్‌ల వెంట కరీం కూడా షెడ్డులోంచి నడిచి వచ్చాడు. రోజూ పొద్దున్న అతను అలా బయటికెళితే టీకి అనుకునేవాణ్ణి. గొట్టాన్ని గన్‌కి తగిలించకుండా, దాని మూతి పక్కకి తిప్పించి గాలి వదిలించాడు. గ్లాసెడు నీళ్ళు ఎగిరి మట్టిలో పడ్డాయి. మాది తేమ నిండిన సముద్రపు గాలి కదా, కంప్రెసర్ దాన్ని నొక్కితే నీరు దిగుతుంది. తరవాత గన్‌లోకి గాలి వెళ్ళే కన్నంలో నాలుగు చుక్కలు పల్చటి నూనె వేయించి, అప్పుడు గొట్టం తగిలించనిచ్చాడు. దారం లేని గన్‌లకి, అంటే నా గన్‌లకి, గొట్టాలు అలాగే తగిలించేశారు. ఆ నీరంతా నా వేన్లలోకి. ఫైబర్ పలక నీటికి ఉబ్బుతుంది, గాడిలో పట్టేస్తుంది, అరిగిపోతుంది.

రహస్యం గన్‌లో లేదు. గన్‌తోపాటు షెడ్డు నుంచి స్తంభం దాకా నడిచిన ఆ రెండువందల గజాల్లో ఉంది.

సాయంత్రం దిగి అడిగాను. "ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగనేదు గదా. సర్టిఫికెట్టున్నోడివి, నీకు తెల్దనుకుంటానేటి?"

"మరి నా గన్‌లకి కూడా నూనె వేయిస్తే నీ సొమ్మేం పోయింది?"

"నీ గన్నుల మీద నా సెయ్యి పడితే నువ్వూరుకుంటావేటి బావా?"

అంతవరకు నా కడుపుమంట గురించి నాకొక్కడికే తెలుసనుకున్నాను.

ఆ వారం తరవాత నేనూ రోజూ గన్‌ల వెంట నడిచాను. నా వేన్లూ నెల దాటి నిలిచాయి. దారం మాత్రం ఎవరూ కట్టలేదు. రెండేళ్ళకి కరీం మళ్ళీ పోర్టు లాంచీల పనికి వెళ్ళిపోయాడు. చెడిన పనిముట్టుని బల్లమీద మాత్రమే చూస్తే సగమే చూసినట్టని, మిగతా సగం దాన్ని వాడే మనిషి దగ్గర ఉంటుందని అతని దగ్గరే నేర్చుకున్నాను. అడగడానికి రెండు నిమిషాలు పట్టే విషయానికి నాకు ఒక కేలండరూ, ఇరవైనాలుగు బోల్టులూ ఖర్చయ్యాయి.

అతను వెళ్ళిన కొన్నాళ్ళకి అప్పన్న సాయంత్రం గన్ తిరిగిచ్చి, "ఎన్ని సెప్పు బావా, కరీం గన్ను కరీం గన్నే" అన్నాడు. గన్ నంబరు చూశాను. కరీం చెయ్యి ఎప్పుడూ పడని గన్ అది, వేన్లు నేను వేసినవి. నేను బాగుచేసిన మిషను మీద నాకే అసూయ పుట్టింది. ఆ పూట రిజిస్టరులో "బాగుచేసినవారు" అన్న గడిలో నా పేరు కొంచెం పెద్ద అక్షరాలతో రాశాను.