గట్టు మీద నుంచి ఇంగ్లీషు

ఇంటర్ ఇంగ్లీషు అప్పటికే రెండుసార్లు తప్పాను. మూడోసారి ఫీజు కడుతూ మా నాన్న, "ఇదే ఆఖరు. తప్పావంటే పుస్తకాలు అటకెక్కించి కళ్లంలో కాయలేరుకో" అన్నాడు. మిరపకాయలు ఏరడం నాకు రాని పనేం కాదు. జీవితాంతం ఏరాలంటేనే ఏడుపొచ్చింది.

నన్ను ముంచింది ఇంగ్లీషు మాటల్ని పలుకు పలుకుగా ముక్కలు చేసే ప్రశ్న. ముక్కలు చేయడం వచ్చేది, ఏ ముక్కని ఒత్తి పలకాలో తేలేది కాదు. మా ఇంట్లో "కాస్త ఉప్పందుకో" అన్నా పక్క వీధికి వినపడుతుంది. అన్నీ ఒత్తే. బ్రాడీపేటలో ట్యూషన్ మాస్టారు నా అవస్థ చూసి ఉపాయం చెప్పారు. "దూరంగా ఉన్న మనిషిని పిలిచినట్టు ఆ మాటని పిలువమ్మా. గొంతు ఎక్కడ లేస్తే అక్కడ గీత పెట్టు."

ఆ సీజనంతా గట్టు మీద నిలబడి ఇంగ్లీషు మాటల్ని పిలిచాను. చేను ఆ చివర మందు కొడుతున్న నాన్న ప్రతి మాటకీ "ఆఁ, వస్తన్నా!" అని పలికేవాడు. మొదట్లో నిజంగానే వచ్చేవాడు. తర్వాత పలికి ఊరుకునేవాడు. కూలీలు మాత్రం పిల్లకి గాలి సోకిందని తేల్చేశారు.

పరీక్ష రోజు నాన్న నన్ను మోపెడ్ మీద దింపి బయటే కూర్చున్నాడు. ప్రశ్నపత్రంలో "ఫొటోగ్రఫీ" ఉంది. నాలుగు ముక్కలు చేశాను. లోలోపల ఎంత పిలిచినా గొంతు లేవలేదు. మంచినీళ్లకని అడిగి బయటికొచ్చి, కుళాయి దగ్గర ఒక్కసారి గట్టిగా పిలిచాను. రెండో ముక్క దగ్గర లేచింది.

ప్రహరీ అవతల నుంచి "ఆఁ, వస్తన్నా!" అని వినపడింది.

స్క్వాడ్ జీపు అప్పుడే గేట్లోకి వస్తోంది. నాన్నని లోపలికి పిలిపించారు. "లోపల ఈ పిల్ల అరుస్తుంది, బయట నువ్వందుకుంటావు. ఏం అందిస్తున్నావ్? డిబార్ చేసేస్తా" అన్నారు అధికారి. నాన్న జేబులు తిరగేస్తే బీడీకట్ట, మోపెడ్ తాళం వచ్చాయి.

"పిల్ల పిలిస్తే పలకొద్దా అండీ?" అన్నాడు నాన్న.

నేను మాస్టారి ఉపాయం చెప్పుకున్నాను. మళ్లీ పిలవమన్నారు. పిలిచాను. నాన్న పక్కనే నిలబడి, అలవాటు కొద్దీ పలికాడు. అధికారి కాసేపు మా ఇద్దర్నీ చూసి, వెళ్లి రాసుకోమన్నారు.

తిరిగొస్తూ మోపెడ్ వెనక నుంచి, "ఈసారీ తప్పితే?" అనడిగాను. నాన్న ఊరి మలుపు దగ్గర బండి నెమ్మది చేశాడు.

"మళ్లీ పిలుద్దువులే. నేను చేలోనే ఉంటాగా" అన్నాడు.