తొందరపడి చెప్పిన సాక్ష్యం

నాకు తొందర ఎక్కువ. పాలు కాగేదాకా ఆగలేక మంట పెంచి, సగం పొయ్యి మీద పోసుకునే రకం. అలాంటి మనిషిని దేవుడి పని పూర్తయ్యేదాకా ఓపిక పట్టమంటే పడుతుందా? మా సంఘంలో అందరి ముందు నిలబడి, నా భయం జబ్బు పూర్తిగా పోయిందని సాక్ష్యం చెప్పాను. అది పోలేదు.

ముందు ఆ భయం సంగతి చెప్పాలి. నాకు యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మతో ఉన్నాను, అమ్మ పోయాక సుబేదారిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆఫీసు నడిచి వెళ్లేంత దూరం. ఒకరోజు పొద్దున పదిన్నరకు, ఏదో ఫైలు చూస్తుంటే, కారణమేమీ లేకుండా గుండె దడదడ కొట్టుకుంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. తోటివాళ్లు ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరు ఈసీజీ చూసి, "గుండె మంచిగనే ఉందమ్మా. ఫికర్ ఎక్కువైంది మీకు" అన్నాడు. దేని గురించి దిగులో నాకే తెలియదు, ఆయనకేం తెలుస్తుంది? మాత్రలు రాసి, నెల తర్వాత రమ్మన్నాడు.

నెల తిరిగేలోపు ఆరేడుసార్లు వచ్చింది. కూరగాయలు బేరం చేస్తుంటే ఒకసారి, తల దువ్వుకుంటుంటే ఒకసారి. వచ్చి పోయాక "ఏమైంది?" అని అడిగే మనిషి ఇంట్లో ఉండదు చూడండి, అది భయం కన్నా చెడ్డది. దేవుడికి చెప్పుకుందామని మోకాళ్ల మీద ఉండేదాన్ని. "ప్రభువా" అని మొదలుపెట్టగానే నా గుండె చప్పుడు నాకే వినపడేది. ప్రార్థన అక్కడే వదిలేసి, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకునేదాన్ని. ఆమేన్ దాకా వెళ్లిన ప్రార్థనలు ఆ రోజుల్లో చాలా తక్కువ.

ఆఖరికి శుక్రవారం ఉపవాస కూడికలో అమ్మగారికి చెప్పాను. పాస్టరుగారి భార్యను మేము అమ్మగారు అంటాం. ఆమె నన్ను మధ్యలో కూర్చోబెట్టింది. పదిహేను మంది ఆడవాళ్లు నా తల మీద, భుజాల మీద చేతులు పెట్టి, ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థన చేశారు. అమ్మ పోయాక నన్ను అలా ముట్టుకున్నవాళ్లు లేరు. వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ తర్వాత ఇరవై రోజులు భయం రాలేదు. ఇరవై ఒకటో రోజు మాత్రలు మానేశాను. మానెయ్యమని పాస్టరుగారు చెప్పలేదు, అమ్మగారు చెప్పలేదు, డాక్టరు అసలే చెప్పలేదు. ఆ తెలివి పూర్తిగా నాదే.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థనకు జవాబు దొరికినవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్తారు. ఆ వారంలోనే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, వచ్చినవాళ్లందరికీ బగారన్నం, కోడికూర వడ్డిస్తారు. జవాబు నిలిచిందో లేదో చూసుకుని లేచేవాళ్లు బుద్ధిమంతులు. నాది ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న వ్యవహారం. మైకు పట్టుకుని, "దేవుడు నన్ను ముట్టిండు. భయం మొత్తం పోయింది. గోలీలు కూడా బంద్ చేసిన" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఎవరో "స్తోత్రం!" అని అరిచారు. నిజం చెప్పాలంటే ఆ చప్పట్లు నాకు చాలా నచ్చాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకోసం ఎవరూ కొట్టలేదు.

కృతజ్ఞత కూడికకు నా రెండు గదుల్లో నలభై మంది సర్దుకుని కూర్చున్నారు. చెప్పులు మెట్ల దాకా వచ్చాయి. అందరూ తిని వెళ్లాక, గిన్నెలు తోముకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను.

మరుసటి బుధవారం ఆఫీసు పని మీద పాలకుర్తి వెళ్తుంటే, బస్సులో మళ్లీ వచ్చింది. అదే దడ, అదే తిమ్మిరి. కండక్టరును బతిమాలి, ఏ ఊరో తెలియని చోట దిగిపోయి, కల్వర్టు మీద కూర్చున్నాను. భయం తగ్గాక ఇంకో సంగతి తట్టింది. ఇది ఎవరికి చెప్పాలి? దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

అప్పటి నుంచి రెండు నెలలు నోరు విప్పలేదు. శుక్రవారం కూడికలో ప్రార్థన అవసరతలు చెప్పమని అందరినీ అడిగేవారు. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి కొడుకు చదువు. నా వంతు వచ్చేసరికి, "ఏం లేవమ్మగారూ, స్తోత్రం" అనేదాన్ని. అమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "నీ సాక్ష్యం ఎంతమందిని బలపరుస్తాందో నీకు తెల్వదమ్మా" అనేది. చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించేది.

ముఖానికి స్కార్ఫ్ కట్టుకుని, మా సంఘంవాళ్లెవరూ రాని చోట వేరే డాక్టరును వెతుక్కుని వెళ్లాను. ఆయన మాత్రలు మళ్లీ మొదలుపెట్టి, ఈసారి తాను చెప్పేదాకా మానొద్దన్నాడు. ఇంటికి తెచ్చి పోపుల డబ్బా వెనక దాచాను. ఒక్కదాన్నే ఉండే ఇంట్లో ఎవరి నుంచి దాచానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. దేవుడికి అంతా తెలుసు కదా, ఆయన దగ్గర కూడా "బాగున్నాను ప్రభువా" అనే మొదలుపెట్టేదాన్ని. మనుషులు లేని ఒంటరితనం నాకు అలవాటే. ఆయనకు కూడా ముఖం చాటేశాక నాకింకెవరూ మిగల్లేదు.

ఒక శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. మా సంఘంలోనే ఉండే ఒకమ్మాయి. ఇంట్లో బట్టలు కుడుతుంది. భర్త పనికి పోతే పగలంతా ఒక్కతే ఉంటుంది. ఆమెకూ నాలాంటి భయమే ఉందని అందరికీ తెలుసు. నా కృతజ్ఞత కూడికకు వచ్చి, ముందు వరసలో కూర్చుంది.

"అక్కా, మీ సాక్ష్యం విన్నంక నేను కూడా గోలీలు బంద్ చేసిన" అంది. "మొదాలు మంచిగనే ఉండె. ఇప్పుడు గడప దాటుతలేను. పది రోజులాయె. మీకు పోయింది గదా, నాకెందుకు పోతలేదక్కా? నా విశ్వాసం తక్కువనా?"

"ప్రార్థన చేస్తా చెల్లె" అని ఫోన్ పెట్టేశాను. ఆ సాక్ష్యం కన్నా ఈ మాటకే నాకు ఎక్కువ సిగ్గు. సాక్ష్యం చెప్పినప్పుడు కనీసం అది నిజమనుకునే చెప్పాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోలేకపోయినా, జారిందని చెప్పవచ్చు కదా? ఆ సాయంత్రమంతా అదే ఆలోచన. చెప్పకపోతే ఆ పిల్ల ఆ ఇంట్లోనే కుంగిపోతుంది. చెప్తే, నాకున్న ఆ కాస్త సంఘం కూడా నాకు దూరమవుతుంది.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. లేవకముందే గుండె మొదలుపెట్టింది. ముందున్న కుర్చీని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

"నా భయం పోలేదు" అన్నాను. "తొందరపడి చెప్పిన. గోలీలు నేనే బంద్ చేసిన, డాక్టర్‌ను అడగలే. ఇప్పుడు మళ్ల వేసుకుంటాన. నన్ను చూసి ఎవరన్నా బంద్ చేస్తే, జర డాక్టర్ దగ్గరికి పోన్రి."

నా చేతులతో పాటు కుర్చీ కూడా ఊగడం అందరూ చూశారు. ఒక్క స్తోత్రం వినపడలేదు. పాస్టరుగారు పాట పాడుకుందామన్నారు. ఆరాధన అయ్యాక వందనాలు చెప్పినవాళ్లు కూడా నడుస్తూనే చెప్పి వెళ్లారు. అమ్మగారు మాత్రం దగ్గరికొచ్చి, "ముందుగాల నాకు చెప్పాల్సింది గదమ్మా" అంది. ఆమె గొంతులో కోపం లేదు, నొచ్చుకుంది. ఆమె మాట న్యాయమే. తల వంచుకుని బయటికొచ్చి, ఆ పిల్ల ఇంటికి ఆటో ఎక్కాను.

ఆ అమ్మాయి తలుపు సగమే తీసింది. జుట్టు దువ్వుకోలేదు, కళ్లు గుంటలు పడ్డాయి. చెప్పులు విప్పకుండానే గడప బయట నిలబడి, నేను బస్సు దిగిపోయిన సంగతి, మాత్రలు దాచిన సంగతి, నిన్న ఫోన్ పెట్టేసిన సంగతి, అంతా చెప్పేశాను.

"ఇన్ని రోజులు నా విశ్వాసమే తక్కువని ఏడ్చిన అక్కా నేను" అంది. అని నా ముఖం వంక చూడకుండా గడప మీద కూలబడింది. తిడితే బాగుండనిపించింది. తిట్టలేదు.

చాలాసేపటికి, "ఇప్పుడు కూడా అయితాందా మీకు?" అని అడిగింది.

"అయితాంది. చూడు" అని చెయ్యి చాపాను. పట్టుకుంది.

"రేపు డాక్టర్ దగ్గరికి పోదాం చెల్లె, నేనొస్తా."

"ఇద్దరికీ భయమైతే ఎవలు ఎవల్ని తోలుకపోతరక్కా?"

ఆమె పక్కనే కూర్చున్నాను. "ప్రార్థన చెయ్యున్రి" అంది.

సంఘంలో పెద్ద ప్రార్థన చెయ్యమంటే పావుగంట తడుముకోకుండా చేసేదాన్ని. ఆ మాటల్లో ఒక్కటీ రాలేదు. కళ్లు మూసుకుని, "ప్రభువా, మాకు భయమైతాంది" అన్నాను. నాడి లెక్కపెట్టుకోలేదు. ఇంకా ఏమన్నా చెప్తానేమోనని ఆమె కాసేపు ఆగింది. నేను చెప్పకపోయేసరికి, ఆమేన్ అంది.