సూర్యకుమారి గారి నెమలిని తిన్న వైరస్

నిన్న పొద్దున పాలకొల్లు బస్సులో ఉండగా ఫోన్ మోగింది. వెంకటలక్ష్మి. సూర్యకుమారి గారి చెల్లెలు.

"మాస్టారండీ, అక్క పోయిందండి. కాఫీ తాగి అలా కూర్చుందండి. అంతేనండి."

ఏదో స్టేజీలో దిగేశాను. కాలవ గట్టు మీద కూర్చున్నాను.

ముందు వచ్చింది ఏడుపు కాదు. కోపం.

సాయంత్రానికి మన వాట్సాప్ గ్రూపు నిండా దండాల బొమ్మలు. ఎవరో పెట్టారు, "పాపం, లేసు అల్లుకుంటూ బతికిన సాదాసీదా గృహిణి" అని.

సాదాసీదా అట.

ఆ రోజుల్లో "సూది పట్టుకునే చేతికి కంప్యూటరెందుకమ్మా" అని నవ్విందీ మీరే. పేర్లు రాయను. చదువుతున్నారుగా, మీకే తెలుసు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. తొంభైల్లో నరసాపురంలో నాకో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కంప్యూటర్ నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. చిత్తు కాగితాల కొట్లో దొరికిన ఒక మాన్యువల్ చూసి నేర్చుకున్నాను. దానికి మొదటి నలభై పేజీలు లేవు. అందుకే నాకు ఏ విషయానికీ మొదలు తెలియదు, నడుమ నుంచి గట్టిగా మాట్లాడతాను.

మా దగ్గర టైపు నేర్చుకోవడానికి వచ్చే సూర్యకుమారి గారు, మేం తీసేసిన పాత కంప్యూటర్‌ను ఇంటికి పట్టుకెళ్ళారు. ఇల్లు గోదావరి అవతల, సఖినేటిపల్లిలో. ఏరు దాటించే పంటు మీద మానిటర్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

పక్కనున్నావిడ అడిగిందట, "బాబా, పాపా అమ్మా?" అని.

"ఇంకా తెలీదండి. కరెంటు పెట్టి చూడాలి."

మౌస్ లేదు, రంగుల బొమ్మలు లేవు. నల్లటి తెర, మిణుకుమనే ఒక గీత. ఏం కావాలన్నా టైపు చేసి అడగాల్సిందే.

లేసంటే గళ్ళు. నిండు గడి, ఖాళీ గడి. ఆవిడ నిండు గడికి ఎక్స్, ఖాళీ గడికి చుక్క టైపు చేశారు. తెర మీద పువ్వు పూసింది. ఆ ఆలోచన నాకు వందేళ్ళు కూర్చున్నా రాదు.

తర్వాత బ్యాచ్ ఫైలు నేర్పాను. కమాండ్లన్నీ ఒక ఫైలులో వరసగా రాసిపెడితే, ఆ ఫైలు పేరు కొట్టగానే కంప్యూటర్ అన్నీ తనే చేసుకుపోతుంది. ఆవిడ 'అంచు' అని ఒకటి రాశారు. డిజైన్ కింద పువ్వు తర్వాత పువ్వు అతికించడం దాని పని. ప్రింటర్ కరకరమంటూ మూరలకు మూరలు తెగని కాగితం మీద అచ్చువేసేది. అరుగు మీద పరిస్తే ఆడవాళ్ళు రెండు పక్కలా కూర్చుని గళ్ళు చూసుకుంటూ అల్లేవారు.

ఒక లేసు షావుకారు ఆ డిజైన్లు ఎగ్జిబిషన్‌లో పెట్టి, కింద తన పేరు రాసుకున్నాడు. కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా రాదు ఆయనకు. అయినా ఆయన సంగతి పక్కన పెడతాను. ఆయనకంటే పెద్ద దొంగ ఈ పోస్టు రాస్తున్నాడు.

నాలుగు నెలలు కూర్చుని ఆవిడ ఒక మంచం దుప్పటికి నెమలిని టైపు చేశారు. గడి గడీ. ఇక కింద అంచు అతికించడమే మిగిలింది.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళాను. బ్యాచ్ ఫైలులో రెండు బాణం గుర్తులు కనిపించాయి.

"రెండెందుకండీ, ఒకటి చాలు."

"మీరే కదండీ రెండు పెట్టమన్నారు."

"అప్పుడు చెప్పింది వేరండి."

అప్పుడేం చెప్పానో నాకు గుర్తుంటే కదా. ఒక బాణం చెరిపేసి, నేనే ఎంటర్ నొక్కాను.

రెండు బాణాలంటే ఉన్నదాని కింద అతికించమని. ఒక్క బాణమంటే ఉన్నదంతా తుడిచేసి రాయమని.

నెమలి పోయింది. ఫైలులో ఒక్క పువ్వు మిగిలింది.

ఫ్లాపీలో ఒక కాపీ పెట్టుకోమని నేను ఏనాడూ చెప్పలేదు. నాకే ఆ అలవాటు లేదు.

"వైరస్ అండి" అన్నాను.

ఆ రోజుల్లో ఏం చెడినా అదే మాట. ఆవిడ తెర మీదికి వంగి ఆ పువ్వును చూశారు.

"నెమలిని తిని పువ్వును వదిలేసిందేంటండి మాస్టారూ, ఈ వైరస్సు?"

"దాని ఇష్టమండి."

"సరే. కాఫీ తాగుతారా?"

అప్పటికే వెంకటలక్ష్మి అల్లిన ముక్కలో నెమలి తల, మెడ ఉన్నాయి. అచ్చు కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. ఆ దారపు గళ్ళే లెక్కపెట్టుకుని సూర్యకుమారి గారు మెడ దాకా మళ్ళీ టైపు చేశారు. తోక మాత్రం కొత్తగా వెయ్యాల్సి వచ్చింది. తెర మీద చూసిన మొదటి తోకే బాగుండేదని వెంకటలక్ష్మి ఇప్పటికీ అంటుంది. అన్నప్పుడల్లా నేను గోదావరి వైపు చూస్తాను.

నిజం చెప్పేయాలని పంటు ఎక్కిన ప్రతిసారీ అనుకున్నాను. అవతల రేవు వచ్చేలోపు మాటలు కూడబలుక్కునేవాణ్ణి. దిగాక, వరద నీటికి ఏరు ఎర్రబడిందా లేదా అని నాలుగు కబుర్లు చెప్పి వచ్చేసేవాణ్ణి. పోయిన నెల కూడా అంతే చేశాను. సిగ్గులేని ముసలివాణ్ణి.

నిన్న చివరి చూపుకు వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో వెంకటలక్ష్మి ఒక పాత కాగితాల మడత నా చేతిలో పెట్టింది. "అక్క దాచుకున్నవండి, మీకే తెలుస్తాయి" అంది.

బ్యాచ్ ఫైళ్ళ ప్రింట్లు. అన్నిటికంటే పైన 'అంచు'. దాని మొదటి లైను 'రెమ్' అని మొదలైంది. రెమ్ అని పెట్టిన లైనును కంప్యూటర్ పట్టించుకోదు, దాటిపోతుంది. అది చదివే మనిషి కోసం రాసుకునేది. ఇది కూడా నేనే నేర్పాను.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:

"రెండు బాణాలు ముట్టుకోవద్దు. మాస్టారు వస్తే మరీను."

తెలుసన్నమాట. ఆ రోజు నుంచీ తెలుసు.

తిట్టొచ్చుగా సూర్యకుమారి గారూ. ఒక్కసారి తిట్టి ఉంటే, ఒప్పేసుకుని ఒడ్డున పడేవాణ్ణి. ఇన్నేళ్ళూ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఇదేం న్యాయమండి.

దండాల బొమ్మలు పెట్టినవాళ్ళందరూ చదవండి. ఆ డిజైన్లన్నీ ఆవిడవి. వైరస్ లేదు, గియిరస్ లేదు. నెమలిని చెరిపింది నేను.

వెళ్ళిరండి సూర్యకుమారి గారూ. మీకు శాంతి కలగాలి.

నాకు మాత్రం ఆ శాంతి ఇప్పుడప్పుడే వద్దు.