కొంగున కట్టిన ఫ్యూజు

ఉలితో గోడ చెక్కుతుంటే లేచే సిమెంటు దుమ్ముకు ఒక వాసన ఉంటుంది. గొంతులోకి దిగి, ఎన్ని నీళ్లు తాగినా అక్కడే కూర్చుంటుంది. ఇవాళ పొద్దున వెలిమెలలోని నా కిరాయి ఫ్లాటు అంతా ఆ వాసనే. పడకగదిలో రెండు సాకెట్లు ఎక్కువ పెట్టించుకుంటున్నాను. పని చేస్తున్నది బీహారు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్. నేను స్విచ్ దించి, హాల్లో కరెంటు డబ్బా ముందు కాపలా ఉన్నాను. "గంట పడుతుంది ఆంటీ, కూర్చోండి" అని హిందీలో రెండుసార్లు అన్నాడు. కూర్చోలేదు. పిచ్చిదనుకొని ఉంటాడు. అనుకోనీ. ఖాజా చాచా దగ్గర నేర్చుకున్నదాన్ని ఇలాగే ఉంటాను మరి.

చాచా నాకు పరిచయమైంది పోతిరెడ్డిపల్లిలో. నా భర్త యాదగిరి పోయాక భానూర్‌లో ఉండలేక, అక్కడ ఓ ఇంటి వెనక పోర్షన్ కిరాయికి తీసుకున్నాను. పటాన్‌చెరులో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. కంపెనీ బస్సు దింపితే ఇంటికి రావడం, తినడం, పడుకోవడం. ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిన వారాలున్నాయి. ఆ పడకగదికి తలుపు పక్కన ఒక్కటే ప్లగ్ పాయింటు. దానికో ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ బాక్సుకు ఇంకో బాక్సు. కూలరు, ఇస్త్రీ పెట్టె, ఫోను చార్జరు అన్నీ దాని మీదే. ఒకరోజు ప్లగ్గు గోధుమరంగుకు తిరిగి కాలిన వాసన వచ్చింది. ఇంటి ఓనరమ్మ గల్లీ చివరి ఇంట్లో ఉండే, కరెంటు పని చేసే చాచాను పంపింది. గోరింటాకు పెట్టిన గడ్డం, దారంతో కట్టిన కళ్లద్దాలు, పెన్ను పెట్టుకునే జేబులో టెస్టరు.

ప్లగ్గు ముట్టుకొని చూసి నా మీద గయ్యిమన్నాడు. "డబ్బకు డబ్బ తగిలిస్తే ఎట్ల బిడ్డా? గీ సన్న వైరు కూలర్‌ను, ఇస్త్రీ పెట్టెను మోస్తదా? ఇల్లు కాలినంక పిలుస్తుంటివా నన్ను?"

"పాయింట్లు లెవ్వు చాచా, ఏం జెయ్యాలె?"

"పెట్టిచ్చుకోవాలె. ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

"నేనొక్కదాన్నే."

ఆయన ఇద్దరు పడుకునే ఆ మంచం వైపు చూశాడు. "మంచానికి రెండు దిక్కుల పెడ్త. ఇస్త్రీకి, కూలర్‌కు బోర్డు కాడి నుంచి వేరే మందం వైరు, వేరే ఫ్యూజు" అన్నాడు. కూలరు నీళ్లు చిందినా తగలనంత ఎత్తులో గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టాడు. ఎర్త్ వైరు లేకుండా మూడు కన్నాల సాకెట్ పెట్టడం దొంగపని అని తిట్టాడు, ఎవర్నో తెలియదు.

మర్నాడు సామానుతో వచ్చాడు. ముందు టెస్టరును పాత పాయింట్‌లో పెట్టి లైటు వెలగడం చూశాడు. తర్వాత వసారాలో బోర్డు నుంచి తెల్లటి పింగాణీ ఫ్యూజు ఊడబెరికి జేబులో వేసుకొని, లోపలికొచ్చి మళ్లీ టెస్టరు పెట్టాడు. వెలగలేదు. "ముందుగాల టెస్టర్ బతికున్నదా లేదా సూడాలె. సచ్చిన టెస్టర్‌ను నమ్మితే మనం సస్తం" అన్నాడు. నేను చెప్పులేసుకున్నాను.

"యాడికి?"

"పని అయ్యేదాంక గల్లీల నిలబడ్త చాచా. నేను ఇంట్ల ఉండొద్దు."

"ఎందుకు?"

అప్పటికి ఆ సంగతి నేను నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. భానూర్ ఇంట్లోనూ పడకగదికి ఒక్కటే పాయింటు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేదాన్ని, ఉక్కకు నిద్ర పట్టడం లేదని యాదగిరి కూలరు కొన్నాడు. దానికి సాకెట్ తానే బిగిస్తానని, నేను దుకాణానికి వెళ్లినప్పుడు వసారాలో మెయిన్ స్విచ్ దించి లోపల పని మొదలుపెట్టాడు. నేను దుకాణం నుంచి వచ్చాను. బండి ఇంటి ముందు లేదు, మరిది తీసుకెళ్లాడు. అది తెలియక, యాదగిరే ఎక్కడికో వెళ్లాడనుకున్నాను. మెయిన్ దిగి ఉంది. ఆడుకునే పిల్లలు దించారనుకున్నాను. ఎత్తాను.

మా అత్త ఒక్క మాట అనలేదు. నా చేతి అన్నం మాత్రం తినలేదు. తిట్టినా బాగుండేది.

చాచా అంతా విన్నాడు. అల్లా రాసిపెట్టాడని గానీ, ఏడవవద్దని గానీ అనలేదు. "మెయిన్ దించినోడు ఫ్యూజు పీకి జేబుల పెట్టుకోవాలె. గా మాట ఆయనకు ఎవ్వరు చెప్పకపాయిరి" అన్నాడు మెల్లగా. తర్వాత జేబులోంచి ఫ్యూజు తీసి నా ముందు పట్టాడు. "ఇగో, పట్టు. ఇంటామె చేతుల పెట్టుడే నా రివాజు. మర్చిపోయి జేబుల ఏసుకున్న."

"నాకొద్దు చాచా. నీ కాళ్లు మొక్కుత."

"కొంగుకు కట్టుకో. నేను వచ్చి అడిగేదాంక విప్పకు."

కట్టుకున్నాను. ముడి మీద ముడి వేశాను. రెండు గంటలు బోర్డు ముందు కదలకుండా నిలబడ్డాను. లోపల సుత్తె చప్పుడు ఆగినప్పుడల్లా "చాచా!" అని పిలిచేదాన్ని. "ఉన్న బిడ్డా" అనేవాడు. ఎన్నిసార్లు పిలిచానో! ఒక్కసారీ విసుక్కోలేదు, అందరి మీదా విసుక్కునే మనిషి.

పని అయ్యాక బయటికొచ్చి సున్నం, దుమ్ము అంటిన రెండు అరచేతులు నా ముఖం ముందు చాపాడు. "సూడు. రెండు చేతులు నీ ముందలున్నయి. ఇగ పెట్టు."

ముడి ఎంతకూ రాలేదు. "జల్దీ ఏం లేదు" అని ఆయన మెట్ల మీద కూర్చొని బీడీ ముట్టించాడు. చివరికి ఫ్యూజు నేనే పెట్టాను. లైటు వెలిగింది. ఆయన బీడీ తాగుతూనే ఉన్నాడు. ఆ రాత్రి చాలా నెలల తర్వాత నాకు ఆకలైంది.

ఆ తర్వాత చాచా గల్లీలో కనపడితే "సాకెట్లు ఎట్లున్నయి?" అని పలకరించేవాడు, చుట్టాలను అడిగినట్టు. మంచానికి ఇటువైపు దాంట్లో నా చార్జరు ఉండేది. అటువైపు దాంట్లో ఎన్నడూ ఏమీ పెట్టలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

కొన్నేళ్లకు గుండెపోటుతో పోయాడు. మూడో రోజు ఆయన భార్య చాచీని చూడటానికి వెళ్లాను. మాటల్లో ఫ్యూజు సంగతి, ఆయన రివాజు సంగతి చెప్పాను. చాచీ నా ముఖంలోకి వింతగా చూసింది.

"గదేం రివాజ్ బేటీ? చిన్నప్పటి సంది ఫ్యూజ్ ఎవ్వరి చేతికి ఇయ్యలే ఆయన. నేను పట్టుకుంట అంటే నాకు గుడ ఇయ్యలే. ప్రాణం ఇంకొకల చేతుల పెడ్తరా అనేటోడు."

ఏడ్చాను. యాదగిరి పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. మెయిన్ ఎత్తిన చెయ్యి అని తెలిసి, ఆ చేతిలోనే తన ప్రాణం పెట్టి, పైగా రివాజు అని అబద్ధమాడిన మనిషికి నేను ఒక్క పూట అన్నం కూడా పెట్టలేదు.

తర్వాత ఓనరు పాత బోర్డు తీయించి కొత్త డబ్బా పెట్టించినప్పుడు, చెత్తలో పడేసిన ఆ ఫ్యూజును ఏరుకున్నాను. ఇల్లు మారినా నాతో వచ్చింది. ఈ ఫ్లాటులో దానితో పని లేదు. అయినా పొద్దున కొంగుకు కట్టుకున్నాను. ఇక్కడా మంచానికి రెండు వైపులా సాకెట్లు పెట్టమన్నాను.

"హోగయా ఆంటీ, ఆన్ కర్ దో!" పని అయిపోయిందని లోపలి నుంచి కేక.

"బాహర్ ఆవో" అన్నాను.

"క్యోం?"

"బాహర్ ఆవో. దోనో హాత్ దిఖావ్."

నవ్వుకుంటూ వచ్చి రెండు చేతులూ చాపాడు. తెల్లటి దుమ్ము, గోళ్లలో సిమెంటు. ఒకటికి రెండుసార్లు చూశాను. ఎడమచేత్తో కొంగు ముడి గట్టిగా పట్టుకొని స్విచ్ ఎత్తాను. లోపల ఫ్యాను తిరగడం వినపడింది. అతను నా ముందే నిలబడి ఉన్నాడు.