జెల్ల ముల్లుకి ఐలేసా

మా నాన్న అరచేతిలో జెల్ల చేప ముల్లు విరిగి, చెయ్యంతా వాచిపోయింది. ఈ రోజు పొద్దున్నే కొల్లేటి లంక నుంచి ఏలూరు తీసుకెళ్లాను. కోసి తియ్యాలన్నారు డాక్టరుగారు. చీము పట్టిన చోట మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచెయ్యదట. భయం తగ్గుతుందని ఆయన తన సెల్‌ఫోన్‌లో వీణ పెట్టారు. నాన్న ఇంకా బిగుసుకుపోయాడు.

“బాబాయిగారూ, మీకొచ్చిన పాటేదైనా పాడండి” అంది నర్సమ్మ.

నాన్న కళ్లు మూసుకుని వల లాగే పాట ఎత్తుకున్నాడు. ఒక్క చరణం పాడి ఠక్కున ఆపేశాడు.

“ఐలేసా అనరేంటండీ ఎవరూ? వల బరువంతా నా ఒక్కడి మీదే వదిలేత్తారా?”

నర్సమ్మ నవ్వుతూ “ఐలేసా” అంది. నేనూ అన్నాను. బయట బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు కూడా అందుకున్నారు. చివరికి డాక్టరుగారే అందరికంటే గట్టిగా “ఐలేసా” అంటూ ముల్లు లాగేశారు. కట్టు కట్టేదాకా నాన్న పాట ఆపలేదు, మమ్మల్నీ ఆపనివ్వలేదు.

నా గొంతు ఇప్పటికీ బొంగురుగానే ఉంది. ఆ బెంచీ మీదివాళ్ల పేర్లు కూడా అడగలేదు. ఇది చదివేవాళ్లలో మీరెవరైనా ఉంటే మా ఇంటికి భోజనానికి రండి. మా ఊళ్లో వల లాగినవాళ్లందరికీ చేపల్లో వాటా ఉంటుంది.