ప్యాకెట్ మీది అంకె

బాక్సింగ్ మాస్టారికి మనుషుల మాట కంటే అంకెల మీద గురి ఎక్కువ. ఆయన దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు ఏం తిన్నా ప్యాకెట్ మీద కేలరీలు చదివి తినాల్సిందే. వాళ్ళలో ఆయన అన్నగారి కూతురు కూడా ఉంది. బక్కగా, చురుగ్గా ఉంటుందని అందరూ పిచ్చుక అనేవారు. పోటీలు దగ్గర పడ్డాక, తక్కువ బరువు విభాగంలో దింపాలని ఆ పిల్లకు భోజనం బాగా తగ్గించి, ఆకలేస్తే ప్రొటీన్ బార్లు తినమన్నాడు. ఒక్కోదానిలో నూట ఇరవై కేలరీలని ప్యాకెట్ మీద ఉంది. ఏరికోరి తెచ్చింది ఆయనే.

తగ్గాల్సిన బరువు పెరిగింది.

"దొంగతిండి తింటున్నావా?" అన్నాడు, బరువు చూసే మిషన్ పక్కన నిలబడి.

"లేదు బాబాయ్. నువ్విచ్చినవే తింటున్నా. ఆకలికి నిద్ర కూడా పట్టట్లేదు."

"మరి ఈ బరువు గాల్లోంచి ఊడిపడిందా?"

తోటి పిల్లలు చూస్తుండగానే ఆమె సంచి లాక్కుని నేల మీద బోర్లించాడు. తువ్వాలు, మేజోళ్ళు, లోదుస్తులు పడ్డాయి. తినే వస్తువు ఒక్కటీ లేదు. అక్కడైనా ఆగాల్సింది. "అయితే ఇంట్లోనే మెక్కి వస్తున్నావన్నమాట. మీ అమ్మ పెట్టి మేపుతోందా?" అన్నాడు. పిచ్చుక ఏడవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని బట్టలు ఏరుకుని వెళ్ళిపోయింది. పోటీలకు రాలేదు.

పోటీల దగ్గర మరో ఊరి కోచ్ కలిసింది. మాటల్లో ఆ బార్ల సంగతి వచ్చేసరికి తల కొట్టుకుంది.

"అవా? వాటిని నమ్ముకుని మా పిల్లలూ మునిగారు. అనుమానమొచ్చి పరీక్షకి పంపిస్తే ఒక్కోదానిలో రెండొందల పైనే తేలింది. కొంచెం అటూ ఇటూ అంటే ఎక్కడైనా ఉంటుంది, ఇది మరీ దారుణం. మీకెవరూ చెప్పలేదా?"

చెప్పకేం, పిచ్చుక చెప్పింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు అచ్చేసిన అంకెను నమ్మి, చేతుల మీద పెరిగిన పిల్లను దొంగను చేశాడు.

తిన్నగా అన్నగారింటికి వెళ్ళాడు. తలుపు తీసిన వదిన లోపలికి రమ్మనలేదు.

"తప్పయిపోయింది వదినా. దాని తప్పేం లేదు. అంతా నేనిచ్చిన బార్లలోనే ఉంది."

"నేను పెట్టి మేపుతున్నానన్నావట కదా," అంది ఆవిడ. "అడిగినా పెట్టలేదయ్యా. ఆకలేస్తోందమ్మా అంటే, నీ మాట మీద నమ్మకంతో నీళ్ళు తాగి పడుకోమన్నాను. ఇప్పుడు దాని మొహం ఎలా చూడను?"

లోపలి నుంచి పిచ్చుక వచ్చింది.

"సంచి గుమ్మరించింది అందరి ముందు. తప్పయిపోయిందని గుమ్మంలో చెప్తే ఎలా?"

మర్నాడు పిల్లలందరినీ నిలబెట్టి జరిగింది చెప్పాడు. అనుకుని వచ్చిన మాటలు సగంలోనే తడబడ్డాయి. తప్పంతా ఆ కంపెనీదేనని అనబోయి నాలుక్కరుచుకున్నాడు.

"కంపెనీ సంగతి వదిలేయండి. ఈ పిల్ల నిజం చెప్పింది. నేను నమ్మలేదు. సంచి బోర్లించిన చేతులు నావి."

చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ వైపు తిరిగాడు.

పిచ్చుక చేతులకు పట్టీలు చుట్టుకోసాగింది. కొస నిలవక జారిపోతోంది. రోజూ అది బిగించేది ఆయనే. ముందుకు అడుగు వేయబోయాడు. ఆ పిల్ల పక్కనున్న అమ్మాయి వైపు చెయ్యి చాచింది.